చెనిక్కాయల కళ్ళంలో టెన్నిస్ బంతి

ఎండాకాలం సెలవులకు మనవరాలూ మనవడూ తుమ్మలపల్లెకు వచ్చారు. ఇంట్లో కాలు పెట్టీపెట్టకముందే సంచిలోంచి బట్టలకన్నా ముందు రెండు టెన్నిస్ బ్యాట్లు బయటపడ్డాయి. వాటి వెనకాలే నాలుగు బంతులు. ఒకటి కొత్తది, డబ్బా మూత లాగి వారం కాలేదట. రెండింటికి బొచ్చంతా ఊడిపోయి, తిరుపతి కొండ నుంచి అప్పుడే దిగొచ్చినట్టున్నాయి. నాలుగోది సగం ఎర్రగా సగం పసుపుగా, మిగతావాటికన్నా కాస్త లావుగా ఉంది. చేత్తో నొక్కితే దిగుతోంది.

"జేజినాయనా, ఈడ కోర్టు యాడుంది?" అంది పెద్దది. దానికి పదేళ్ళు. పట్నంలో సాయంత్రాలు నేర్చుకుంటోంది. చిన్నోడికి ఏడు. వాడు నేర్చుకునేదేమీ లేదు, అక్క వెంట తోకలా తిరుగుతుంటాడు.

"కోర్టు లేదు గానీ కళ్ళముంది" అన్నాను.

"కళ్ళమంటే ఏంది?"

ముప్ఫై ఏళ్ళు సైన్సు అయ్యవారుగా బతికినవాణ్ణి. ఇట్లాంటి ప్రశ్న చెవినబడితే నాకిక ఆకలి గుర్తుండదు. "వచ్చిన బిడ్డల్ని నాలుగు మెతుకులన్నా తిననీ" అని వాళ్ళవ్వ వంటింట్లోంచి అరుస్తున్నా, ఇద్దరినీ వెంటబెట్టుకుని ఇంటి వెనక కళ్ళంలోకి నడిచాను.

మా ఊరు వేముల మండలంలో, పులివెందుల పక్కన. యురేనియం గని వల్ల పత్రికలకెక్కిన పేరు మాది. లోపలి రాయి సంగతి గనివాళ్ళు చూసుకుంటారు. ఆ వారమంతా నాకు పనిబడింది పైనున్న అడుగు మన్నుతో.

మొదట బంతి సంగతి తేల్చుకుందామని వాకిట్లోకి వచ్చాం. వాకిలంతా కడప బండ పరుపు. అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య బంతికి పెట్టిన పరీక్ష ఒకటుంది, చాలా తేలిక. వంద అంగుళాల ఎత్తునుంచి, అంటే 254 సెంటీమీటర్ల నుంచి, గట్టి నేల మీదికి ఊరకే వదలాలి. తొయ్యకూడదు. అది 135 సెంటీమీటర్లకు తగ్గకుండా, 147కు మించకుండా పైకి లేవాలి. టేపు తెచ్చి గోడమీద బొగ్గుతో గీత గీశాను. నిచ్చెనెక్కింది పెద్దది. కొత్త బంతి వదిలింది. లేచి నా చొక్కా జేబు దగ్గరికొచ్చి ఒక్క క్షణం ఆగినట్టుండి దిగింది. బోడి బంతి నడుం దాకానే వచ్చింది. రెండో బోడిది అంత కూడా రాలేదు. ఎర్ర బంతి నా పొట్టదాకా లేచింది గానీ తొందరేమీ లేనట్టు, నిదానంగా.

"మిగతా ఎత్తు యాడికి పోయింది?" అన్నాడు చిన్నోడు. మంచి ప్రశ్న. వాణ్ణి ముద్దుపెట్టుకోబుద్ధయింది.

బంతి నేలను కొట్టినప్పుడు చపాతీ ముద్దలా అణుగుతుంది. అణిగిన రబ్బరు తిరిగి సాగేటప్పుడు తనకిచ్చినదంతా వెనక్కివ్వదు. లోపల రాపిడికి సగానికి కాస్త తక్కువ వేడిగా మారిపోతుంది. పది నిమిషాలు ఆడాక బంతి పట్టుకుని చూడండి, గోరువెచ్చగా ఉంటుంది. అణుగుడు తగ్గించి తిరిగి లేపడానికి లోపల గాలి కూరి ఉంటారు. బయటి గాలికన్నా చదరపు అంగుళానికి సుమారు 12 పౌండ్లు ఎక్కువ. డబ్బా మూత లాగినప్పుడు బుస్సుమంటుందే, అది బంతి లోపలి గాలి కాదు, డబ్బాలోది. డబ్బాలోనూ అంతే ఒత్తిడి నింపుతారు, బంతిలోంచి గాలి బయటికి రావాలని అనుకోకుండా. మూత తీసిన రోజునుంచి మాత్రం రబ్బరు గోడలోంచి గాలి కొంచెం కొంచెంగా ఊరి వెళ్ళిపోతూనే ఉంటుంది. పంక్చరు లేకుండానే గూట్లో పెట్టిన సైకిలు ట్యూబు మెత్తబడినట్టు. ఆడినా సరే, ఆడకున్నా సరే.

పల్లెలో టెన్నిస్‌కు తొలి అడ్డంకి ఇదే అంటాను నేను. క్రికెట్ బంతి చిరిగితే కుట్టుకుంటాం, వాలీబాలుకు పంపుతో కొట్టుకుంటాం. టెన్నిస్ బంతికి పంపు పెట్టే రంధ్రమే లేదు. బ్యాటు ఒకసారి కొంటే ఏళ్ళు వస్తుంది, బంతి మాత్రం నూనె, ఉప్పులాగా నెలనెలా కొనాలి. ఆ ఖర్చు ఎవరూ లెక్కేసుకోరు. పట్నం నుంచి ఎవరో పుణ్యాత్ములు పల్లె బడికి టెన్నిస్ సామాను పంపినప్పుడు బ్యాట్లే ఫొటోలో పడతాయి. ఆర్నెల్ల తర్వాత బ్యాట్లుంటాయి, ప్రాణమున్న బంతి ఉండదు.

మధ్యాహ్నం పన్నెండు దాటాక అదే కొత్త బంతిని మళ్ళీ వదిలించాను. బయట 42 డిగ్రీలు. బంతిని గంటసేపు మిద్దెమీద ఎండలో పెట్టి తెచ్చాం. ఈసారి జేబు దాటి కాలరు దాకా లేచింది. పెద్దది కళ్ళు పెద్దవి చేసింది. ఇందులో మాయ ఏమీ లేదు. సమాఖ్య వాళ్ళు బంతిని పరీక్షించేది 20 డిగ్రీల దగ్గర. మూసిన పాత్రలో గాలి వేడెక్కితే ఒత్తిడి పెరుగుతుంది. పరమ శూన్యం నుంచి లెక్కేస్తే 293 డిగ్రీలు 315 అయింది, అంటే నూటికి ఏడున్నర వంతు ఎక్కువ. లోపల మొత్తం ఒత్తిడి 27 పౌండ్లకు దగ్గర కాబట్టి రెండు పౌండ్లు పెరిగింది. 12 కాస్తా 14 అయింది. పైగా రబ్బరు వేడికి చురుకవుతుంది. ఇక చుట్టూ ఉన్న గాలి కూడా అదే లెక్కన ఏడెనిమిది పాళ్ళు పలచనవుతుంది, బంతిని అడ్డుకునే బలం తగ్గుతుంది. యూరపులో తయారైన కొలతల ప్రకారం మెల్లగా రావలసిన బంతి మా కడప జిల్లా మే నెలలో పిచ్చుకలా ఎగురుతుంది. కొత్తగా నేర్చుకునే పిల్లకు "ఏంది, నాకు చేతకావడం లేదు" అనిపిస్తుంది. చేతకానిది పిల్లకు కాదు, పొద్దుకు. మా దగ్గర టెన్నిస్ నేర్పేవాళ్ళు తెల్లారి ఆరింటికి మొదలెట్టి ఎనిమిదికల్లా చాలించడం ఒంటికీ మంచిదే, బంతికీ మంచిదే.

సరే, కళ్ళం.

కళ్ళమంటే పంట నూర్చి ఆరబోసుకునే చదును నేల. మా కళ్ళం ఎర్రమన్నుది. ఇంటికి తూర్పున చేను నల్లరేగడి. చిన్నోడు నల్లరేగడి చేలో కోర్టు గీద్దామన్నాడు, అది చదునుగా కనబడుతోందని. వాడి చెప్పు నెర్రెలో ఇరుక్కునేదాకా నేను నోరెత్తలేదు. నెర్రె చెయ్యి పట్టేంత ఉంది. నల్లరేగడిలో మాంట్‌మోరిల్లనైట్ అని ఒక బంకమట్టి ఖనిజముంటుంది. సన్నని రేకులు పుస్తకం కాగితాల్లా ఒకదానిమీద ఒకటి పేర్చి ఉంటాయి. నీళ్ళు ఆ కాగితాల మధ్యకు దూరతాయి, పుస్తకం ఉబ్బుతుంది. ఎండితే నీళ్ళు పోయి ముడుచుకుంటుంది, నేల నోరు తెరుస్తుంది. ఎర్రమన్నులో ఎక్కువగా ఉండేది కెయొలినైట్. అందులోనూ రేకులే గానీ ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉంటాయి, నీళ్ళను లోపలికి రానివ్వవు. అందుకే కళ్ళానికి ఎర్రమన్ను, గరుసు. మా పెద్దలకు ఈ ఖనిజాల పేర్లు తెలియవు. తెలిసిందల్లా ఏ మన్ను నోరు తెరుస్తుందో, ఏది తెరవదో.

నల్లరేగడి మీద కట్టిన సిమెంటు కోర్టు గతి కూడా నేను కళ్ళారా చూశాను. నేను పనిచేసిన ఒక బళ్ళో, పేరెందుకులే, కింద గరుసు పోయకుండా నల్లమన్ను మీదే కాంక్రీటు పోసి టెన్నిస్ కోర్టన్నారు. కోర్టు, దాని చుట్టూ ఉండే ఖాళీ కలిపితే 120 అడుగుల పొడవు. కాంక్రీటు డిగ్రీకి మీటరులో పది లక్షల వంతుల్లో పది వంతులు సాగుతుంది. వినడానికి ఏమీ లేదన్నట్టుంటుంది. తెల్లవారుజాము నుంచి మిట్టమధ్యాహ్నానికి పలక ముప్ఫై డిగ్రీలు వేడెక్కితే ఆ పొడవులో ఒక సెంటీమీటరు పైన సాగుతుంది. సందులు వదలకపోతే ఆ సెంటీమీటరు ఎక్కడికి పోవాలి? పగులుతుంది. కిందనుంచి వానాకాలంలో నల్లమన్ను ఉబ్బి ఎత్తుతుంది. మూడేళ్ళలో పలకలు మెట్లయినాయి. నెట్టు కట్టే గుంజలు మాత్రం గట్టివి, వాటికి మేకల్ని కట్టేసేవాళ్ళు. నా జీవితంలో టెన్నిస్ గుంజలు అంత ఉపయోగపడటం ఇంకెక్కడా చూడలేదు.

కళ్ళం ఎట్లా చేస్తారో పెద్దదానికి చేసి చూపించాను. పోయినేడు చేసిందే, పైన కాస్త చెదిరింది. పైపొర గీకి, రాళ్ళు ఏరి, సాయంత్రం నీళ్ళు చల్లి వదిలేశాం. తెల్లారి మన్ను చేతిలోకి తీసుకుని పిడికిలి బిగించి వదిలితే ముద్ద నిలవాలి, వేలితో తాకితే విరగాలి, అరచేతికి తడి అంటకూడదు. దాన్నే పదును అంటాం. విత్తనానికీ పదునే, కళ్ళానికీ పదునే. మన్ను రేణువుల మధ్య సన్నని నీటి పొర తలతన్యతతో వాటిని ఒకదానికొకటి లాగి పట్టుకుంటుంది. నీళ్ళు తక్కువైతే దుమ్ము, ఎక్కువైతే రేణువులు నీళ్ళలో తేలి బురద. అమెరికాలో ప్రోక్టర్ అనే ఇంజనీరు 1933లో ఆనకట్టల కోసం ఈ పదునును లెక్కగట్టి పరీక్ష రాశాడు. ఇప్పుడు రోడ్డేసే ప్రతి కాంట్రాక్టరూ ఆ పరీక్ష చేయించాలి. మా నాయన పిడికిలితో చేసేవాడు.

పదును మీద రాతి గుండు దొర్లించాం. ఎద్దుల్లేవు కాబట్టి నేనూ పక్కింటి పిల్లోడూ లాగాం. ఆ తర్వాత పేడ కలిపిన నీళ్ళతో అలికింది వాళ్ళవ్వ. పట్నం పిల్ల ముక్కు మూసుకుంది.

"ముక్కు మూసుకోవాకు పాపా" అన్నాను. "మీ సానియా మీర్జా అక్క మొదలెట్టింది ఇట్లాంటి నేలమీదే."

నిజమే. 1990ల తొలినాళ్ళలో ఆరేళ్ళ పిల్లగా హైదరాబాదులో ఆట మొదలెట్టినప్పుడు హార్డ్‌కోర్టులు దొరికేవి కావనీ, పేడతో అలికిన కోర్టుల మీద ఆడాననీ ఆమే చెప్పుకుంది. 2003లో వింబుల్డన్ బాలికల డబుల్స్ గెలిచిన చెయ్యి ఆ పేడ కోర్టు మీద తిరిగిన చెయ్యే. పేడలో ఆవు అరిగించుకోలేని గడ్డి పీచు ఉంటుంది, అది సిమెంటులో ఇనుప కమ్మీలాగా మట్టిని అల్లుకుని పట్టుకుంటుంది. దానిలోని జిగురు పైపొర దుమ్ము లేవకుండా మూస్తుంది. రెండు మూడు రోజులకొకసారి అలకాలి. అంతకుమించి దానికో రహస్యం లేదు.

పారిస్‌లో ఫ్రెంచ్ ఓపెన్ జరిగే రోలాఁ గారోస్ మైదానం ఎర్రగా ఉంటుందే, అది మన్ను కాదు, ఇటుక పొడి. కింద రాళ్ళు, కంకర, దానిపైన సున్నపురాయి పొర, అన్నిటికన్నా పైన ఒకటి రెండు మిల్లీమీటర్ల ఇటుక పొడి. రోజూ నీళ్ళు పడతారు, గుండు దొర్లిస్తారు, చీపురు లాగుతారు. రఫెల్ నాదల్ అక్కడ పద్నాలుగుసార్లు గెలిచాడు. సాయంత్రం అక్కడ నీళ్ళు చల్లే మనిషికీ మా ఇంట్లో వాకిలి చల్లే అవ్వకూ పనిలో తేడా ఏముందో నాకర్థం కాలేదు. జీతం తేడా ఉంటుందేమో.

మట్టి నేలమీద బంతి ఎందుకు మెల్లబడుతుంది? గోళీలాట ఆడినవాళ్ళకు చెప్పనక్కర్లేదు. బండమీద గోళీ జారిపోతుంది, దుమ్ములో ముక్కు గుచ్చుకుంటుంది. టెన్నిస్ బంతి ఏటవాలుగా వచ్చి తగిలినప్పుడు మట్టి రేణువులు దాని ముందు చిన్న గట్టులా పేరుకుంటాయి. రాపిడి ముందుకుపోయే వేగాన్ని తింటుంది, ఆ గట్టు బంతిని కాస్త పైకెత్తుతుంది. పచ్చికమీద రాపిడి తక్కువ, బంతి కిందుగా సర్రున జారిపోతుంది. హార్డ్‌కోర్టు ఈ రెంటికీ నడుమ. మట్టిమీద ఆడే పిల్లకు బంతిని చేరడానికి ఇంకో అడుగు వేసేంత సమయం దొరుకుతుంది, నాలుగు బంతులు ఎక్కువగా తిరిగొస్తాయి, ఆట సాగుతుంది. ఆడేటప్పుడు కాలు జారించి ఆగొచ్చు కాబట్టి మోకాలికి దెబ్బ తగ్గుతుంది. పైగా తడి మట్టి మధ్యాహ్నం సిమెంటంత కాలదు. నీళ్ళు ఆవిరయ్యేటప్పుడు వేడిని ఎత్తుకుపోతాయి, కుండలో నీళ్ళు చల్లబడే లెక్కే అది.

ఇన్ని సుగుణాలున్న నేల మా సీమలో పల్లెపల్లెకూ ఉండాలి కదా? అడ్డమొచ్చేది నీళ్ళ కొరత. ఆషాఢంలో మా దగ్గర గాలి ఎట్లా వీస్తుందో ఆ గాలిలో నిలబడినవాడికే తెలుసు. తడి ఆరిన కోర్టు పైపొర ఒక్క పూటలో పక్క చేలో ఉంటుంది. కింద మిగిలేది గులకరాళ్ళు తేలిన గట్టినేల. ఆ గులకరాయి దగ్గరే అసలు కథ మొదలవుతుంది, ఇక్కడ కొంచెం ఆగాలి.

రెండో రోజు ఆటలో చిన్నోడు బ్యాటు విసిరేశాడు. "బంతి అబద్ధం చెప్తాంది" అన్నాడు. నేనా మాటను నోటుబుక్కులో రాసుకున్నాను.

లెక్క చూడండి. పిల్లలు కొట్టే బంతి గంటకు 40 కిలోమీటర్లనుకుందాం, అంటే సెకనుకు 11 మీటర్లు. నేలకు తగిలాక ఏడో ఎనిమిదో మిగులుతుంది. బంతి పడిన చోటునుంచి పిల్లోడి బ్యాటు దాకా రెండున్నర మీటర్లు. అంటే సెకనులో మూడో వంతు. కన్ను చూసి, మెదడు తేల్చుకుని, చెయ్యి కదలడానికే సెకనులో ఐదో వంతు పోతుంది. బంతి గులకరాయి మీద పడి ఐదు డిగ్రీలు పక్కకు తిరిగిందనుకోండి. చెప్పుకుంటే ఐదు డిగ్రీలు, రెండున్నర మీటర్లు వచ్చేసరికి 22 సెంటీమీటర్ల తప్పు. బ్యాటు ముఖం వెడల్పు 25 ఉంటుంది. నడిమికి రావలసిన బంతి అంచు దాటి పోయింది. దిద్దుకోవడానికి మిగిలిన సమయం రెప్పపాటు కూడా కాదు.

పెద్ద ఆటగాడు అట్లా తప్పితే నవ్వి ఊరుకుంటాడు. నేర్చుకునే పిల్లోడి సంగతి వేరు. వాడి మెదడు ప్రతి బంతికీ ఒక పందెం కాస్తుంది, "ఇట్లా వస్తే అట్లా లేస్తుంది" అని. పందెం గెలిచినకొద్దీ చేతికి అలవాటు ముదురుతుంది. పదిసార్లలో నాలుగుసార్లు నేలే మోసం చేస్తే, తప్పు తనదో నేలదో వాడికి తెలియదు. సరిగ్గా వేసిన అడుగుకూ ఓటమే, తప్పుగా వేసిన అడుగుకూ ఓటమే. ఇక ఏ అడుగు నేర్చుకోవాలి? వారంలో వాడు క్రికెట్టుకు పోతాడు. టెన్నిస్‌లో మన పల్లెల పిల్లలకు ఓపిక లేదని ఒకాయన నాతో వాదించాడు. ఆ మాట నేను ఒప్పుకోను. ఆయన వాళ్ళ కోర్టు చూడలేదు.

దీనికి ఎదురుమాటగా అందరూ చెప్పే కథ ఒకటుంది. నాదల్ చిన్నప్పుడు ఆయన చిన్నాన్న టోని కావాలనే పాత బంతులతో, పాడుపడిన కోర్టుల మీద ఆడించేవాడు. నాదలే తన జీవితకథలో చెప్పుకున్నాడు. కాబట్టి మన పిల్లలకు పాడు కోర్టులే మేలు, గట్టిపడతారు అంటారు. కథ నిజం, దాన్నుంచి తీసిన మాటే సగం. మయోర్కా ద్వీపంలో ఆ పిల్లోడికి నాలుగడుగుల్లో మంచి కోర్టు కూడా ఉంది. మంచి నేలమీద చెయ్యి కుదిరాక చెడ్డ నేలమీద దాన్ని పరీక్షించారు. మా ఊరిపిల్లోడికి పరీక్ష తప్ప పాఠం లేదు.

ఆ సంగతి నాదల్‌కే తెలిసినట్టుంది. 2010 అక్టోబరులో వాళ్ళమ్మతో కలిసి అనంతపురం వచ్చి, రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టువారి క్రీడాగ్రామంలో టెన్నిస్ బడి తెరిచాడు. విన్సెంట్ ఫెర్రర్ దంపతులు 1969లో మొదలెట్టిన ట్రస్టు అది. మన సీమలో దాని పేరు వినని పల్లె తక్కువ. ఫెర్రర్ అప్పటికి ఏడాది కిందటే పోయారు. పేదింటి పిల్లలు బడి అయిపోయాక అక్కడికొచ్చి టెన్నిస్ ఆడతారు, ఇంగ్లీషు, కంప్యూటరు కూడా నేర్చుకుంటారు. మా ఊరినుంచి బస్సెక్కితే పూటలో చేరేంత దూరం. అనంతపురం దేశంలోకెల్లా వాన తక్కువ పడే జిల్లాల్లో ఒకటి, ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూఇటూ. అక్కడ కోర్టు నిలబెట్టడమంటే కొని పెట్టిన సామానొక్కటే చాలదు. రోజూ ఊడ్చేవాడుండాలి, నెట్టు బిగించేవాడుండాలి, చచ్చిన బంతిని ఏరి పక్కనపెట్టేవాడుండాలి. నాదల్ వచ్చిన రోజు ఫొటోలు అందరూ చూశారు. నాకు చూడాలనుండేది మర్నాటి పొద్దున చీపురు పట్టుకున్న మనిషిని.

ఇప్పుడు ఎర్ర బంతి.

మూడో రోజు చిన్నోణ్ణి గోడకు ఆనించి నిలబెట్టి కొలిచాను. 118 సెంటీమీటర్లు. కొత్త పసుపు బంతి లేచేది 135 దాటి. అంటే వాడి నెత్తిమీదుగా. నెత్తిమీద బంతిని ముందుకు కొట్టాలంటే మణికట్టు మెలితిప్పాలి, లేదా నాలుగడుగులు వెనక్కి పరుగెత్తాలి. చిన్నోడు రెండూ చేశాడు, రెండుసార్లూ చీనీ చెట్ల పాదుల్లో పడ్డాడు. పెద్దల బంతితో నేర్పితే పిల్లలకు చేతిపట్టే వంకరవుతుంది. ఎర్ర బంతి 90 నుంచి 105 సెంటీమీటర్లే లేస్తుంది, వాడి రొమ్ముకు. ఆపైన నారింజ రంగు చుక్క బంతి 105 నుంచి 120, ఆకుపచ్చ చుక్కది 120 నుంచి 135. మెట్లు కట్టినట్టు. పదేళ్ళలోపు పిల్లల పోటీల్లో ఈ మెల్లని బంతులే వాడాలని సమాఖ్య 2012 జనవరి నుంచి నియమం పెట్టింది. ఎర్ర బంతికి కోర్టు కూడా 36 అడుగుల పొడవు, 18 వెడల్పు చాలు. పెద్దల కోర్టు 78 అడుగులు. మా కళ్ళంలో పెద్దల కోర్టు పట్టదు, ఎర్రబంతి కోర్టు దర్జాగా పట్టింది. ముగ్గుపిండితో గీతలు గీసింది పెద్దది. ఉత్తరదక్షిణాలుగా గీయమన్నాను, పొద్దున సూర్యుడూ సాయంత్రం సూర్యుడూ ఎవరి కళ్ళల్లోనూ పడకుండా. నెట్టుకు ఉల్లిగడ్డల సంచులు విప్పి కుట్టాం, వెదురు గడలకు రెండున్నర అడుగుల పైన కట్టాం.

"బోడి బంతి కూడా తక్కువే లేస్తుంది కదా జేజినాయనా, అది చాలదా?" అంది పెద్దది. చాలామంది పెద్దలు చేసే తప్పు ఇదే. పట్నం అకాడమీల్లో వాడి పారేసిన బంతుల్ని పల్లె పిల్లలకు ఇస్తే ఎర్ర బంతి పని చేస్తాయనుకుంటారు. బోడి బంతి బరువు పెద్దగా తగ్గలేదు. తగ్గింది గాలి, ఊడింది బొచ్చు. బొచ్చు లేకపోతే గాలి దాన్ని పట్టుకోదు, బ్యాటునుంచి సర్రున వస్తుంది, నేలకు తగిలి చచ్చిపోతుంది. బ్యాటుకు తగిలితే రాయి తగిలినట్టు మోచేతిదాకా జిల్లుమంటుంది. ఎర్ర బంతి వేరే జాతి. అడ్డకొలత ఏడెనిమిది సెంటీమీటర్లు, బరువు 36 నుంచి 49 గ్రాములే. లావుగా, తేలిగ్గా ఉంటుంది కాబట్టి గాలే దాన్ని నెమ్మదిస్తుంది. బోడిది ముసలి ఎద్దు, ఎర్రది దూడ. రెండూ మెల్లగా నడుస్తాయి, అంతమాత్రాన ఒకటి కాదు. పైగా బోడి బంతులు ఏ రెండూ ఒక ఎత్తు లేవవు, మొదటి రోజు వాకిట్లో చూశాం కదా.

బ్యాటు గురించి నేను చెప్పేలోపే చిన్నోడు చెప్పేశాడు. అక్క పెద్ద బ్యాటు, 27 అంగుళాలది, వాడి చేతికిచ్చి చూశాను. రెండు దెబ్బలు కొట్టి, పిడి వదిలేసి మెడ దగ్గర పట్టుకున్నాడు. ఎవరూ నేర్పలేదు. రోకలిని కొసన పట్టి తిప్పడానికీ నడిమిన పట్టి తిప్పడానికీ తేడా వాళ్ళవ్వను అడిగినా చెప్తుంది. తిప్పడానికి కావలసిన బలం బరువుతో పెరుగుతుంది, దూరంతో అయితే దూరం వర్గంతో పెరుగుతుంది. 23 అంగుళాల పిల్లల బ్యాటుతో పోలిస్తే 27 అంగుళాలది, బరువూ కలుపుకుని, తిప్పడానికి దాదాపు రెండింతలు మొండికేస్తుంది. "పెద్దదే కొందాం, పెరిగాక కూడా పనికొస్తుంది" అని బూట్లు కొన్నట్టు బ్యాటు కొంటాం మనం. బూట్లలో దూది కూరొచ్చు, బ్యాటులో ఏం కూరతాం?

మా కాలేజీ రోజుల్లో బ్యాట్లు కొయ్యవి. తేమకు వంగిపోతాయని నాలుగు మరల చట్రంలో బిగించి దాచేవాళ్ళు. నాకు చట్రం బిగించే పనే దక్కేది, ఆడే వంతు ఎప్పుడూ రాలేదు. ఇప్పటి బ్యాట్లు వంగవు, కానీ తీగ తెగితే అంతే. నాలుగో రోజు పెద్దదాని బ్యాటు తీగ తెగింది. తీగ బిగించడానికి మిషను కావాలి, ఇన్ని పౌండ్లని కొలిచి లాగాలి. సైకిలు షాపతను తన దగ్గరున్న నైలాను తాడు చూపించి "ఇది కట్టేదా పెద్దాయనా?" అన్నాడు పాపం, మనసున్నవాడు. కట్టించాం. చేత్తో లాగిన తాడు వదులుగా ఉంటుంది, వదులు తీగ నులక మంచంలా బంతిని ఎగరేస్తుంది, దూరం పోతుంది గానీ చెప్పిన చోటికి పోదు. మొదటి దెబ్బకే బంతి మిద్దె దాటింది. రెండోది కూడా.

పెద్ద బ్యాటు గోడకు తగిలించి, మిగిలిన వారమంతా పెద్దదీ చిన్నోడూ పక్కింటి పిల్లోడూ ఒకే చిన్న బ్యాటుతో, ఒక పరీక్ష అట్టతో, ఎర్ర బంతితో ఆడారు. పొద్దున ఆరింటికి వాళ్ళవ్వ నాలుగు బిందెలు చల్లేది, నేను గుండు లాగేవాణ్ణి. పక్కింటి పిల్లోడు రోజూ అందరికన్నా ముందొచ్చి గులకరాళ్ళు ఏరేవాడు. ఆరో రోజు అట్టతోనే వరసగా పదిహేడు బంతులు తిప్పికొట్టాడు. మేం బిగ్గరగా లెక్కపెట్టాం. పద్దెనిమిదోది నెట్టుకు తగిలింది. "అది నా తప్పే" అన్నాడు వాడు.

సెలవులైపోయి వెళ్ళేటప్పుడు ఎర్ర బంతి వాడికిచ్చి వెళ్ళారు. పది రోజులకు ఫోను.

"జేజినాయనా, కోర్టెట్లుంది?"

"చెనిక్కాయలు ఎండబోసినాం పాపా."

"గీతలు చెరిపేసినారా?"

"మీ అవ్వ చెరపనిస్తేనా. నెట్టుకు అవతలొక రాశి, ఇవతలొక రాశి. తొక్కుతాడేమోనని పక్కింటోణ్ణి కేకలేస్తాంది, వాడేమో మన గోడకేసి కొట్టుకుంటాన్నాడు. ఈసారొచ్చేటప్పుడు ఇంకో ఎర్ర బంతి తీసుకురా, దీని బొచ్చు అప్పుడే సగం పోయింది."